ఆన్‌లైన్ బయాలజీ ల్యాబ్: మార్కులు ఎక్కడ వస్తాయి, ఎక్కడ పోతాయి

మీరు అడిగినవి ముందు ఒకచోట పెడతాను, తర్వాత చదివేవాళ్లకు ఉపయోగం. గుంటూరులో ఉంటున్నారు, బీకాం అయింది. అమెరికాలో న్యూట్రిషన్ మాస్టర్స్‌కు అర్హతగా ఒక కాలేజీ వాళ్ల ఆన్‌లైన్ ఇంట్రడక్టరీ బయాలజీ, ల్యాబ్‌తో కలిపి 4 క్రెడిట్లు, తీసుకున్నారు. సిలబస్ మొత్తం చదివినా గ్రేడింగ్ అంతుపట్టలేదన్నారు. ఇంటర్ ప్రాక్టికల్స్‌లా రికార్డు నింపితే సరిపోదా, కిట్ రాకపోతే సామాను ఇక్కడ దొరుకుతుందా అన్నవి మిగతా రెండు.

రికార్డు నింపితే సరిపోదు. మన బైపీసీ ప్రాక్టికల్ ఒక పూటలో తేలిపోతుంది. స్పాటర్లు (చూసి గుర్తుపట్టాల్సిన నమూనాలు), స్లైడు, రికార్డు, వైవా, అంతే. రికార్డులో ఏ రీడింగ్ రావాలో ముందే తెలుసు కాబట్టి సీనియర్ల రికార్డు ముందు పెట్టుకుని రాసేవాళ్లే ఎక్కువ. మీ కోర్సులో మార్కు పడేది మీ చేతిలో వచ్చిన రీడింగుకు, దాని నుంచి మీరు తీసిన తర్కానికి. పుస్తకంలో ఉన్న ఫలితం రాకపోతే మార్కు పోదు. ఎందుకు రాలేదో చెప్పలేకపోతే పోతుంది. ముడి డేటా చూపకుండా పుస్తకం ఫలితాన్ని చక్కగా రాసి పంపితే ఇంకా ఎక్కువ పోతుంది. ఈ ఒక్కటీ పట్టుకుంటే సిలబస్‌లోని సగం నియమాలు ఎందుకున్నాయో తెలిసిపోతుంది.

డ్రాప్ గడువు, అంటే కోర్సు నుంచి తప్పుకునే గడువు, ఇంకా దాటలేదు కాబట్టి ముందు ఒక పని చేయండి. మీరు చేరాలనుకుంటున్న మాస్టర్స్ ప్రోగ్రాముల అడ్మిషన్ ఆఫీసులకు మెయిల్ పెట్టి మూడు సంగతులు అడగండి: ఆన్‌లైన్ ల్యాబ్‌ను ఒప్పుకుంటారా, పూర్తిగా కంప్యూటర్ తెర మీది సిమ్యులేషన్లతో నడిచే ల్యాబ్ అయినా ఫర్వాలేదా లేక చేత్తో చేసిన ప్రయోగాలు ఉండాలా, కనీస గ్రేడు ఎంత. కొన్ని చోట్ల సి చాలు, కొన్ని చోట్ల బి అడుగుతారు. సి కావాలన్న చోట సి మైనస్ చెల్లకపోవచ్చు. జవాబు మెయిల్ దాచుకోండి. ఫీజు కట్టి, పదిహేను వారాలు కష్టపడ్డాక ఈ క్రెడిట్ చెల్లదని తెలియడం కన్నా పెద్ద నష్టం ఈ కోర్సులో ఇంకోటి లేదు.

ఇక గ్రేడు లెక్క. శాతాలు కాలేజీని బట్టి మారతాయి కాబట్టి మీ సిలబస్ అంకెలు వేసుకుని మళ్లీ లెక్కించుకోండి. ఇక్కడ ఒక మామూలు నమూనా తీసుకుంటాను: ల్యాబ్‌కు ముందు పెట్టే ప్రీల్యాబ్ క్విజ్‌లు 15 శాతం, వారం వారం ల్యాబ్ రిపోర్టులు 45, ఒక పూర్తి స్థాయి ఫార్మల్ రిపోర్టు 15, ల్యాబ్ ప్రాక్టికల్ పరీక్షలు 20, చర్చల్లో పాల్గొనడం 5. రిపోర్టులు మొత్తం 12, అన్నింటికన్నా తక్కువ వచ్చిన ఒకటి వదిలేస్తారు. అంటే లెక్కకు వచ్చేవి 11, ఒక్కో రిపోర్టు విలువ సుమారు 4.1 శాతం.

చేసిన ప్రతి పనిలో మీకు 92 వస్తోంది, కానీ మూడు రిపోర్టులు పంపనే లేదు అనుకుందాం. ఒకటి వదిలేసే దాంట్లో పోయింది. మిగతా రెండు సున్నాలు. రిపోర్టుల సగటు 92 నుంచి 75.3కు పడుతుంది, మొత్తం 84.5 అవుతుంది. 90 పైన ఏ, 80 పైన బి అనే మామూలు స్కేలులో 'ఏ' గ్రేడు విద్యార్థి బి దగ్గర ఆగిపోయినట్టు. ఇప్పుడు రెండో వైపు చూడండి. ఆలస్యానికి రోజుకు 10 శాతం కోత అనుకుంటే, ఒక రిపోర్టు ఒక రోజు ఆలస్యమైతే మొత్తం గ్రేడులో పోయేది 0.4 శాతమే. కాబట్టి గ్రాఫు బాగా రాలేదని, చర్చ భాగం ఇంకా రాయలేదని రిపోర్టు దాచుకుని కూర్చోవద్దు. ఉన్నది పంపండి. సున్నా చేసే నష్టం ముందు ఆలస్యపు కోత లెక్కలోకి రాదు. అయితే ఎన్ని రోజులు దాటితే అసలు తీసుకోరో సిలబస్‌లో వెతికి గోడ మీద రాసి పెట్టుకోండి. ప్రీల్యాబ్ క్విజ్‌లకు చాలా చోట్ల ఆలస్యం అనే మాటే ఉండదు, ల్యాబ్ తెరుచుకోగానే అవి మూసుకుంటాయి.

ఇంకో నియమం చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతకండి: ల్యాబ్‌లో విడిగా పాస్ కావాలా? థియరీ, ల్యాబ్ కలిపి ఒకే గ్రేడు ఇచ్చే చాలా కోర్సుల్లో ల్యాబ్ భాగం 60 లేదా 70 దాటకపోతే థియరీలో ఎంత వచ్చినా మొత్తం ఫెయిల్ అని ఉంటుంది. ఆ వాక్యం ఉంటే పై లెక్క ఇంకా కటువుగా మారుతుంది.

కాన్వాస్‌లో, అంటే కాలేజీ కోర్సు నడిపే వెబ్‌సైటులో, కనిపించే శాతాన్ని గుడ్డిగా నమ్మకండి. అందులో మొత్తం లెక్క మామూలుగా దిద్దిన పనుల మీదే వస్తుంది. మీరు పంపనిదానికి ప్రొఫెసర్ సున్నా వేసేదాకా అది లెక్కలో లేనట్టే, పైన 93 అని దర్జాగా మెరుస్తూ ఉంటుంది. గ్రేడ్స్ పేజీలో 'దిద్దిన పనుల మీదే లెక్కించు' అన్న అర్థమొచ్చే టిక్ తీసేస్తే దిద్దని పనులన్నీ, ఇంకా గడువు రానివి కూడా, సున్నాలుగా లెక్కకు వస్తాయి, పంపనివాటి దెబ్బ బయటపడుతుంది. అదే పేజీలో రాబోయే పనులకు ఊహా మార్కులు వేసి చూసుకోవచ్చు కూడా. ఫైనల్ ప్రాక్టికల్‌లో ఎంత తెచ్చుకుంటే 'ఏ' గ్రేడు నిలుస్తుందో అక్కడే తేలుతుంది.

గడువు సమయం దగ్గర మన వైపు విద్యార్థులు తరచూ తడబడతారు. రాత్రి 11:59 అంటే వాళ్ల రాత్రి. కాలేజీ న్యూయార్క్ సమయంలో ఉంటే, వేసవి సమయం నడుస్తున్నప్పుడు అది మనకు మర్నాడు ఉదయం 9:29. నవంబర్ మొదటి ఆదివారం వాళ్లు గడియారం వెనక్కి తిప్పాక 10:29. మార్చి రెండో ఆదివారం మళ్లీ ముందుకు తిప్పుతారు. మార్చి మార్పు మనకు ప్రమాదం, గంట ముందే గడువు ముగుస్తుంది. కాలిఫోర్నియా కాలేజీ అయితే ఇంకో 3 గంటలు కలుపుకోండి. కాన్వాస్ ప్రొఫైల్‌లో టైమ్ జోన్ కోల్‌కతాగా మార్చుకుంటే గడువులన్నీ మన సమయంలోనే కనిపిస్తాయి. సిలబస్ కాగితం మీద ఉన్నవి మాత్రం మారవు. పొద్దున తొమ్మిదింటికి కరెంటు పోయిందన్న మెయిల్‌కు జాలి దొరకడం కష్టం. ముందు రోజు రాత్రి పడుకునే లోపు పంపేసేలా అలవాటు చేసుకోండి.

కిట్ సంగతి. కొన్ని కోర్సులు కిట్ కంపెనీల నుంచి పెట్టె కొనమంటాయి. అందులో రసాయనాలు ఉంటాయి కాబట్టి విదేశాలకు పంపకపోవచ్చు, పంపినా కస్టమ్స్ దగ్గర ఆగొచ్చు. మొదటి వారంలోనే ప్రొఫెసర్‌కు రాసి, ఇండియాలో ఉన్నానని, ఏ ప్రయోగాలకు స్థానిక సామాను వాడొచ్చో చెప్పమని అడగండి. అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. అడక్కుండా సామాను మార్చి చేసి, రిపోర్టులో చివర చెబితే మెథడ్స్ భాగంలో మార్కులు కోస్తారు.

దొరకడానికి మాత్రం అన్నీ దొరుకుతాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్, గ్లౌజులు, సూది లేని 10 మి.లీ. సిరంజిలు గుంటూరు కొత్తపేటలోనో విజయవాడ సూర్యారావుపేటలోనో ఆసుపత్రుల పక్కనున్న మెడికల్ షాపుల్లో దొరుకుతాయి. అగర్ కావాలంటే కిరాణా కొట్టులో చైనా గ్రాస్ అని అడగండి. డిస్టిల్డ్ వాటర్‌ను బ్యాటరీ వాటర్ పేరుతో ఆటోమొబైల్ షాపుల్లో అమ్ముతారు. లేబుల్ మీద డిస్టిల్డ్ అనో డీమినరలైజ్డ్ అనో ఉందో లేదో చూసుకుని మరీ తీసుకోండి, బ్యాటరీ యాసిడ్ కూడా అదే కొట్టులో అలాంటి సీసాలోనే ఉంటుంది. బంగారం తూచే బుల్లి పాకెట్ త్రాసు, 0.01 గ్రాము చూపించేది, ఆన్‌లైన్‌లో కొనండి. ఈ కోర్సులో మీరు పెట్టే ఖర్చులో అన్నింటికన్నా పనికొచ్చేది అదే. కొలత సిలిండర్ లేకపోతే సిరంజి చాలు, వంటింటి కప్పు కొలతలు మాత్రం వద్దు.

ఇప్పుడు బంగాళదుంప ఆస్మాసిస్ ప్రయోగం గురించి, అంటే కణాల్లోకి నీరు వెళ్లడం, బయటికి రావడం గురించి, కాస్త వివరంగా చెబుతాను. దాదాపు ప్రతి ఇంట్రడక్టరీ కోర్సులోనూ అది ఉంటుంది, ఫార్మల్ రిపోర్టు కూడా తరచుగా దాని మీదే రాయమంటారు. వేర్వేరు గాఢతల చక్కెర ద్రావణాల్లో దుంప ముక్కలు వేసి, బరువు ఎంత మారిందో చూసి, ఏ గాఢత దగ్గర బరువు మారదో కనుక్కోవాలి.

ద్రావణాలు తప్పితే తర్వాతిదంతా తప్పే. సుక్రోజ్ అణుభారం 342.3. 100 మి.లీ. ద్రావణానికి 0.2 మోలార్ కావాలంటే 6.85 గ్రాములు, 0.4కు 13.7, 0.6కు 20.5, 0.8కు 27.4 గ్రాముల పంచదార. పంచదారను ముందు 60 మి.లీ. నీళ్లలో కరిగించి, ఆ తర్వాత మొత్తం 100 మి.లీ. అయ్యేదాకా నీళ్లు పోయాలి. 100 మి.లీ. నీళ్లు తీసుకుని అందులో 27.4 గ్రాములు వేస్తే మొత్తం దాదాపు 117 మి.లీ. అవుతుంది, మీరు 0.8 అనుకుంటున్నది నిజానికి 0.7 కన్నా తక్కువ. గ్రాఫులో గీత పై గాఢతల దగ్గర వంగినట్టు కనిపిస్తే చాలాసార్లు కారణం ఇదే. ఐదో కప్పులో ఉత్త డిస్టిల్డ్ వాటర్. కుళాయి నీళ్లు వాడితే వాడానని రాయండి.

ముక్కలు 1 సెం.మీ. మందం, 1 సెం.మీ. వెడల్పు, 4 సెం.మీ. పొడవు కోస్తే ఒక్కోటి సుమారు 4.3 గ్రాములు వస్తుంది. తొక్క అసలు ఉండకూడదు, నీటిని ఆపేస్తుంది. అన్నీ ఒకే దుంప నుంచి, కుదరకపోతే ఒకే పూట కొన్న ఒకే రకం దుంపల నుంచి కోయండి. రైతుబజారులో తెచ్చి వారం రోజులు గంపలో ఉంచిన దుంప అప్పటికే నీరు కోల్పోయి ఉంటుంది, దాని రీడింగు తాజా దుంపతో కలవదు. కప్పుకు మూడు ముక్కలు, ఒక్కో ముక్క బరువు విడివిడిగా రాసుకోవాలి. మూడింటినీ గుర్తుపట్టడానికి ఒకదాని మూల, ఇంకోదాని రెండు మూలలు కొద్దిగా చెక్కండి, చెక్కిన తర్వాతే తూచండి.

వంటింటి త్రాసు 1 గ్రాము చొప్పున చూపిస్తుంది. 4.3 గ్రాముల ముక్కలో 5 శాతం మార్పు అంటే 0.2 గ్రాము, ఆ త్రాసుకు కనపడదు. పాకెట్ త్రాసు లేనే లేదంటే కప్పుకు పది ముక్కలు వేసి కలిపి తూచండి, 43 గ్రాముల్లో 5 శాతం 2 గ్రాములు, కనీసం దిశ తెలుస్తుంది. కానీ అప్పుడు ప్రతి కప్పుకూ ఒకే రీడింగు, సగటు లేదు, గ్రాఫులో రీడింగుల తేడాను చూపే ఎర్రర్ బార్ లేదు. ఆ పరిమితిని రిపోర్టులో మీరే చెప్పాలి.

నానబెట్టే సమయం గంటన్నర నుంచి రెండు గంటలు. రాత్రంతా వదిలేయమని కొన్ని మాన్యువళ్లలో ఉంటుంది. అది చల్లటి ఊళ్ల కోసం రాసిన మాట, మన ఏప్రిల్, మే నెలల్లో ముక్క మెత్తబడి పాడైపోతుంది. కప్పుల మీద ప్లాస్టిక్ షీటో మూతో పెట్టండి. ఫ్యాను కింద మూత లేకుండా ఉంచితే నీరు ఆవిరై ద్రావణం చిక్కబడుతుంది. తీసిన ప్రతి ముక్కనూ టిష్యూ మీద ఒకే తీరులో దొర్లించి తడి ఆర్చి తూచండి. ఒకటి గట్టిగా అద్ది, ఇంకోటి అలాగే తూస్తే వచ్చే తేడా ప్రయోగం తేడాను మింగేస్తుంది.

లెక్కలో వాడాల్సింది శాతం మార్పు: తుది బరువు నుంచి తొలి బరువు తీసేసి, తొలి బరువుతో భాగించి, 100తో గుణించాలి. గ్రాముల మార్పు నేరుగా వేస్తే ముక్కల సైజు తేడా గ్రాఫులోకి వచ్చేస్తుంది. గాఢత అడ్డంగా, శాతం మార్పు నిలువుగా. గీత సున్నాను దాటే చోటు మీ దుంప కణాలకు సమానమైన గాఢత. మామూలుగా 0.3 మోలార్ ఆ చుట్టుపక్కల వస్తుంది. మీకు 0.42 వస్తే 0.42 అనే రాయండి, దుంప పాతదా, పంచదార కొలత తేడానా, ఎటు వైపు తప్పు జరిగితే ఫలితం ఎటు జరుగుతుందో వివరించండి. 0.3కు తెచ్చిపెట్టిన డేటా కన్నా దీనికే మార్కులు ఎక్కువ.

ఎంజైము ప్రయోగంలో మన దగ్గర వచ్చే తప్పు వేరు. దుంప రసంలోని కేటలేజ్ అనే ఎంజైము హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను నీరు, ఆక్సిజన్‌గా విడగొడుతుంది, నురుగు ఎత్తు కొలవాలి. అమెరికా మాన్యువల్ మందుల షాపు సీసా వాడమంటుంది, వాళ్ల సీసా 3 శాతం. మన మెడికల్ షాపు సీసా మామూలుగా 6 శాతం, లేబుల్ మీద 20 వాల్యూమ్స్ అని ఉంటుంది. సమానంగా నీళ్లు కలిపి 3 శాతం చేసుకోవాలి. కలపకుండా వాడితే నురుగు గ్లాసు దాటి పొంగుతుంది, పై రీడింగులన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. తెరిచి నెలలైన సీసా దానంతటదే బలహీనపడి ఉంటుంది, కొత్తది తెచ్చుకోండి. 50 గ్రాముల దుంపను 50 మి.లీ. చల్లటి నీళ్లతో మిక్సీ పట్టి, పల్చటి గుడ్డలో వడకట్టి, గిన్నెను ఐసు మీద ఉంచండి. 5 మి.లీ. రసం, 5 మి.లీ. పెరాక్సైడ్, పొడవాటి సన్నటి గ్లాసు, 30 సెకన్ల తర్వాత ఎత్తు. ఉష్ణోగ్రత ప్రభావం చూడాలంటే రసాన్ని ఆ ఉష్ణోగ్రతలో 10 నిమిషాలు ఉంచాకే కలపాలి. మరిగించి చల్లార్చిన రసం ఒక కంట్రోలు (పోల్చి చూడడానికి పెట్టే గ్లాసు), రసం బదులు నీళ్లు ఇంకో కంట్రోలు. రెండూ లేని రిపోర్టుకు రూబ్రిక్కు (మార్కులు ఎలా వేస్తారో చెప్పే పట్టిక) ప్రకారం చాలా మార్కులు పోతాయి. సీసాకు మూత బిగించకండి, లోపల వాయువు పుడుతోంది. కళ్లద్దాలు, గ్లౌజులు వేసుకున్న ఫోటో కొన్ని కోర్సుల్లో తప్పనిసరి.

గది ఉష్ణోగ్రత అని మాన్యువల్‌లో ఉంటే అది 20 నుంచి 25 డిగ్రీలని అర్థం. విజయవాడలో మే నెల మధ్యాహ్నం వంటగదిలో 38 ఉండొచ్చు. థర్మామీటరు పెట్టి అసలు అంకె రాయండి. గది ఉష్ణోగ్రత గ్లాసు, 40 డిగ్రీల గ్లాసు ఒకేలా వస్తే ప్రయోగం చెడిపోయిందనుకోవద్దు, రెండూ నిజంగానే దాదాపు ఒకటే.

ఈస్ట్ బెలూను ప్రయోగంలో బెలూను ఉబ్బకపోతే నీళ్లు మరీ వేడిగా పోశారేమో చూడండి. 40 డిగ్రీలు చాలు, 60 దగ్గర ఈస్ట్ చచ్చిపోతుంది. బెలూను ముందు రెండు మూడు సార్లు నోటితో ఊది సాగదీయాలి. పాలు పోసినప్పుడు ఉబ్బకపోవడం మాత్రం తప్పు కాదు, బేకరీ ఈస్ట్ లాక్టోజ్‌ను పులియబెట్టలేదు, అదే ఫలితం. అరటిపండు డీఎన్ఏకు శానిటైజర్ వద్దు, 90 శాతం దాటిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఫ్రీజర్‌లో పెట్టి వాడండి. పైకి తేలిన తెల్లటి పోగుల్లో డీఎన్ఏతో పాటు ప్రోటీను, పెక్టిన్ కూడా ఉంటాయి. శుద్ధమైన డీఎన్ఏ అని రాస్తే మార్కు పోతుంది.

ఇంట్లో బ్యాక్టీరియా పెంచే ప్రయోగం ఉంటే, ప్రొఫెసర్ చెప్పినంత వరకే. ప్లేటు మూత ఒకసారి టేపు వేశాక మళ్లీ తెరవకూడదు, తిండి ఉన్న ఫ్రిజ్‌లో పెట్టకూడదు, పారేసే ముందు బ్లీచ్ ద్రావణంలో అరగంట ముంచాలి. ఇంట్లో పసిపిల్లలో పెద్దవాళ్లో ఉంటే ఇదొక్కటి సిమ్యులేషన్‌లో చేస్తానని అడగండి, సాధారణంగా ఒప్పుకుంటారు.

జీవవైవిధ్యం ల్యాబ్‌లో ఇంకో చిక్కు. పచ్చిక మైదానంలో డాండెలియన్లు, అంటే అక్కడి పసుపు పూల కలుపు మొక్కలు, లెక్కపెట్టమంటారు. మనకు గరిక, తుంగ, వయ్యారిభామ ఉన్నాయి. జాతులు మార్చుకోవచ్చా అని అడిగి, తాడుతో 1 మీటరు చదరం వేసి, కనీసం ఐదు చోట్ల లెక్కించండి. చోట్లు కంటికి పచ్చగా కనిపించినవి కాకుండా, చీటీలు తీసి వచ్చిన అంకెల ప్రకారం ఎంచండి. వయ్యారిభామను వట్టి చేత్తో ముట్టుకోవద్దు, చర్మం మీద దద్దుర్లు లేస్తాయి. పక్షుల లెక్కకు ఉప్పలపాడు పక్షి కేంద్రం మీకు దగ్గరే, గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు కావలసినన్ని. కానీ రెండే జాతులు వేలల్లో ఉన్న చోట వైవిధ్యాన్ని కొలిచే సింప్సన్ సూచీ (1 − D) తక్కువగా వస్తుంది. పక్షులు ఎన్ని ఉన్నాయన్నది, ఎన్ని రకాలు సమానంగా ఉన్నాయన్నది వేర్వేరు సంగతులని చర్చలో రాయడానికి అది మంచి అవకాశం.

మైక్రోస్కోప్ పని ఎక్కువగా తెర మీద స్లైడ్లతోనే జరుగుతుంది. అయినా లెక్కలు రావాలి. 10 రెట్ల కంటికటకం, 40 రెట్ల వస్తుకటకం కలిసి 400. కంటికటకం మీద రాసి ఉండే ఫీల్డ్ నంబరు 18 అయితే 4 రెట్ల దగ్గర కనిపించే వెడల్పు 4.5 మి.మీ., 40 రెట్ల దగ్గర 0.45 మి.మీ. ఒక కణం ఆ వెడల్పులో మూడో వంతు ఉంటే 150 మైక్రాన్లు. ప్రాక్టికల్ పరీక్షలో ఈ లెక్క రాకుండా ఉండదు. ఉల్లి వేరు కొన స్లైడులో కణవిభజన దశలు గుర్తుపట్టడం కూడా అంతే. విభజన మొదటి దశ ప్రోఫేజ్‌ను విభజన మొదలుకాని ఇంటర్‌ఫేజ్‌తో కలిపేసి లెక్కిస్తే మైటోటిక్ సూచీ, అంటే విభజనలో ఉన్న కణాల వాటా, తక్కువ వస్తుంది. నిజంగా కాలువ నీటిలో జీవుల్ని చూడాలనుకుంటే స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాష్ బృందం చేసిన ఫోల్డ్‌స్కోప్ అనే కాగితపు మైక్రోస్కోప్ 140 రెట్లు చూపిస్తుంది, ఫోనుకు అంటించి ఫోటో తీయొచ్చు. కోర్సుకు తప్పనిసరి కాదు.

ఫోటోలు ఎలా తీయాలో ఎవరూ చెప్పరు, మార్కులు మాత్రం కోస్తారు. ప్రతి ఫోటోలో మీ పేరు, తేదీ, ల్యాబ్ నంబరు రాసిన చీటీ, పక్కన స్కేలు. ముందు, తర్వాత ఫోటోలు ఒకే వెలుతురులో, ఒకే కోణంలో. ఐఫోన్ ఫోటోలు హెచ్‌ఈఐసీ రూపంలో వెళితే కొన్నిసార్లు తెరుచుకోవు, జేపీజీకి మార్చి పంపండి. ల్యాబ్ నోట్‌బుక్ పెన్నుతోనే. తప్పు అంకెను ఒక్క గీతతో కొట్టేసి పక్కన సరైనది రాయాలి. వైట్‌నర్ పూసిన పేజీ కన్నా కొట్టివేతలున్న పేజీకే నమ్మకం ఎక్కువ.

రిపోర్టులో ఎక్కువగా మార్కులు రాలే చోట్లు ఇవి. ఫలితాల భాగంలో వ్యాఖ్యానం చేయడం. అక్కడ అంకెలు, గ్రాఫులు, అవి ఎటు పోతున్నాయో చెప్పే వాక్యాలు మాత్రమే ఉండాలి, ఎందుకన్నది చర్చలో. బొమ్మ శీర్షిక కింద, పట్టిక శీర్షిక పైన. యూనిట్లు లేని అక్షం. మూడు రీడింగుల ప్రామాణిక విచలనానికి ఎక్సెల్‌లోనో గూగుల్ షీట్స్‌లోనో STDEV.S అనే ఫార్ములా వాడాలి, STDEV.P కాదు. త్రాసు రెండు దశాంశాలు చూపిస్తే సగటును ఆరు దశాంశాలతో రాయడం. పరికల్పన (హైపోథెసిస్) నిరూపణ అయిందనడం. డేటా దాన్ని బలపరిచిందనో బలపరచలేదనో మాత్రమే అనగలరు. ఇక తప్పులకు కారణం మానవ తప్పిదం అని ఒక్క మాటలో తేల్చేయడం. దానికి ఏ రూబ్రిక్కులోనూ మార్కు ఉండదు. ముక్కలను సమానంగా ఆర్చకపోవడం వల్ల నీటిలోని వాటి బరువు ఎక్కువ చూపించి ఉండొచ్చు అని రాస్తే ఉంటుంది.

నిజాయితీ నియమాల గురించి. జట్టులో చేస్తే రీడింగులు ఒకటే ఉండొచ్చు, రాత ఎవరిది వారిదే, డేటా పంచుకున్నామని పైన రాయాలి. కాపీని పట్టే టర్నిటిన్ సాఫ్ట్‌వేర్ పాత బ్యాచ్‌ల రిపోర్టులతో కూడా పోల్చగలదు. ఏఐ వాడకంపై ఒక్కో ప్రొఫెసర్‌ది ఒక్కో నియమం. భాష దిద్దుకోవడానికి అనుమతి ఉన్నా డేటా పుట్టించడానికి ఎక్కడా ఉండదు. పుట్టించిన డేటా పట్టుబడడం మీరు అనుకునేదానికన్నా సులువు. మూడు ముక్కలూ సరిగ్గా 4.30 గ్రాములు ఉండవు, రీడింగులు గీత మీద అంత నున్నగా కూర్చోవు, ఫోటోలో కప్పులు నాలుగు ఉండి పట్టికలో ఐదు ఉంటాయి. చాలా సిలబస్‌ల ప్రకారం మొదటిసారికి ఆ పనికి సున్నా, రెండోసారికి కోర్సులోనే ఎఫ్. ప్రయోగం నిజంగా చెడిపోతే చెడిన డేటాతోనే రిపోర్టు రాయండి, లేదా నమూనా డేటా ఇమ్మని అడిగి, అది నమూనా అని పేర్కొని రాయండి. రెండూ చెల్లుతాయి.

ప్రాక్టికల్ పరీక్ష మన స్పాటర్ల లాంటిదే, తెర మీద. బొమ్మకు నిమిషం, నిమిషంన్నర. పరీక్షలో వేరే ఏదీ తెరవనివ్వని లాక్‌డౌన్ బ్రౌజరు ఫోన్‌లో పనిచేయదు, కెమెరా ఉన్న ల్యాప్‌టాప్ కావాలి, గది చుట్టూ కెమెరా తిప్పి చూపించాలి. వారం ముందే ప్రాక్టీసు క్విజ్ తెరిచి పరీక్షించుకోండి. ల్యాప్‌టాప్ పూర్తి చార్జింగుతో, వైఫై పోతే ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచండి. మధ్యలో తెగిపోతే తెర ఫోటో సమయంతో సహా తీసి వెంటనే మెయిల్ చేయండి.

మార్కులు తక్కువ పడ్డాయనిపిస్తే అడగొచ్చు, చాలా కోర్సుల్లో గ్రేడు వచ్చిన వారంలోపు అడగాలన్న గడువు ఉంటుంది. కష్టపడ్డాను, స్కాలర్‌షిప్ పోతుంది అని రాస్తే పని జరగదు. రూబ్రిక్కులో ఏ వరుస, మీ రిపోర్టులో దానికి జవాబు ఏ పేజీలో ఏ పేరాలో ఉంది, మీకు ఎన్ని పడ్డాయి, ఎన్ని పడాలనుకుంటున్నారు, ఎందుకు. ఐదు వాక్యాల మెయిల్ చాలు. విషయం వరుసలో కోర్సు నంబరు, సెక్షన్, ల్యాబ్ నంబరు పెట్టండి, ఒక్కో ప్రొఫెసర్‌కు నాలుగైదు సెక్షన్లుంటాయి.